గుప్పెడు బియ్యం పోసి ఇచ్చిన గిన్నెలు

ఆశ్వయుజంలో వచ్చిన తుఫాను మా వెనకగది పెంకులు ఎత్తుకుపోయింది. గాలి తగ్గేదాకా ముందుగదిలో తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాను. తెల్లారి చూస్తే అటక మీది సామానంతా తడిసి ఉంది. పెంకులు తిరిగి వెయ్యడానికి వచ్చిన ఇద్దరు కూలీలు ఒక్కొక్కటే దించి వాకిట్లో పెడుతుంటే, నేను పీట వేసుకుని లెక్కపెట్టాను.

లెక్క నాకు కొత్త కాదు. కాపురానికి వచ్చిన రెండో ఏడు నుంచి కళ్ళంలో ధాన్యం కొలత నా చేతి మీదే జరిగేది. మా వైపు కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు అంటూ కుంచాలు పోస్తారు. అలవాటు చొప్పున ఆ రోజు వాకిట్లో మొదటి గంగాళం మీద చెయ్యి వేసి లాభం అనే అన్నాను. ఇంట్లో రోజూ వాడేవి కూడా కలిపి, ఆఖరి గరిటె దగ్గరికి వచ్చేసరికి నాలుగు వందల పన్నెండు తేలాయి.

అక్కడితో ఊరుకోలేదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా నా చెయ్యి తగిలే వస్తువులు ఎన్నని రెండో లెక్క వేశాను. ముప్పై ఎనిమిది. మిగిలిన మూడు వందల డెబ్భై నాలుగూ పోయినవాళ్ళు వాడినవి, లేకపోతే పోయినవాళ్ళు భోజనానికి వస్తే వడ్డించడానికి దాచినవి. యాభై మందికి వండే డేగిసా ఉంది. ఆ యాభై మందిలో నలభై మంది ఫోటోల్లో ఉన్నారు. వాళ్ళ కోసం నేను ఏటా అటక ఎక్కి బూజు దులుపుతున్నాను. నా మోకాళ్ళు ఇంక ఆ అటక ఎక్కవు. ఇచ్చేద్దామనుకున్నాను.

పాత సామాను కొనేవాడు వచ్చి తూకానికి అడిగాడు. ఇవ్వలేదు. అందులో సగం నా పెళ్ళికి మా అమ్మ బుడితి నుంచి తెప్పించిన ఇత్తడి. ప్రతి గిన్నె మీదా నా పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంటుంది. పేరు ఉన్న గిన్నెను కరిగించడానికి ఇవ్వడం నాకు మనసొప్పలేదు. ఊళ్ళోనే ఎవరికి ఏది పనికొస్తుందో చూసి పంచాను. బిందెలు నీళ్ళు మోసే ఇళ్ళకి, డేగిసా పెళ్ళిళ్ళ వంటలు చేసేవాళ్ళకి, చెంబులు చిన్న కాపురాలకి. కొందరికి ఇంటికి వెళ్ళి ఇచ్చాను, కొందరు వచ్చి తీసుకెళ్ళారు.

ఖాళీ గిన్నె చేతికి ఇవ్వకూడదని మా అత్త నేర్పింది. అందుకని ప్రతిదానిలో గుప్పెడు బియ్యం పోసి, "ఉంచుకో, నాకింక పన్లేదు" అని ఇచ్చాను. కార్తీకం వెళ్ళేసరికి ముప్పై ఎనిమిది వస్తువులు మిగిలాయి. ఆ రోజు ఇల్లు ఊడవడం ఇట్టే అయిపోయింది. చీపురు మూలన పెట్టి హాయిగా కాళ్ళు చాపుకున్నాను.

మొదట గమనించింది దగ్గు.

ముందుగదిలో నేను దగ్గితే వెనకగదిలో ఇంకొకరు దగ్గినట్టు ఉండేది. కొంచెం ఆలస్యంగా, నాకంటే కొంచెం ముసలి గొంతుతో. పెట్టెలూ మంచాలూ గాదె పోయాక గోడలకి ఆనుకునేది ఏమీ లేదు. ఖాళీ గదిలో గొంతు మోగుతుంది, అందరికీ తెలిసిందే. తెలిసి ఉండి కూడా రెండు మూడు సార్లు "ఎవరు?" అన్నాను. ఆ మాట కూడా తిరిగి వచ్చింది.

తరవాత ఊళ్ళో నడుస్తుంటే నా పేరు వినపడడం మొదలైంది. ఒక ఇంటి వంటగదిలోంచి, ఇంకొక ఇంటి పెరట్లోంచి. ఆగి పలికేదాన్ని. లోపలివాళ్ళు ఉలిక్కిపడి బయటికి వచ్చి, "నిన్ను కాదు పెద్దమ్మా, బిందె తెమ్మన్నాను" అనేవారు. నా పేరున్న బిందెకు నా పేరే పెట్టుకున్నారు. ఎండలో వీధి మొదటి నుంచి చివరిదాకా నడిస్తే మూడు నాలుగు చోట్ల నన్ను పిలిచేవారు. ఒక్కరూ నా కోసం కాదు.

మనుషుల పద్ధతి కూడా మారింది. పాలు పోసే ఆవిడతో కొలత దగ్గర నాకు రోజూ తగువే. ఆవిడ తగువు మానేసింది. అడగకుండానే కొలిచినదాని మీద ఇంకొంచెం పోసి, నా మొహం చూడకుండా వెళ్ళిపోయేది. రచ్చబండ దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటుంటే విన్నాను. ఒకామె అంది: "మంచి మనిషే. నోరు కొంచెం పెద్దది గానీ, బెల్లం కుడుములు ఆవిడ సేసినట్టు మరొకలు సెయ్యలేకపోయీవోరు." నేను వాళ్ళ పక్కనే నిలబడి ఉన్నాను. పోయిన వారమే కుడుములు చేశాను.

ఇదే ఇంటి రెండో వాటాలో మా తోటికోడలు ఉంటుంది. నాకంటే ఆరేళ్ళు చిన్నది. నన్ను అప్పా అంటుంది, మా వైపు అక్కని అలా పిలుస్తారు. ఒక మధ్యాహ్నం వచ్చి గుమ్మంలోనే నిలబడింది. లోపలికి రాలేదు.

"అప్పా, డాక్టరేటి సెప్పినాడు? నా కాడ దాస్తన్నావేటి?"

"ఏ డాక్టరే? నాకు మోకాలు సలుపు తప్ప ఏటీ లేదు."

"మరి గిన్నెలన్నీ ఇచ్చీసినావు కదా, బియ్యం పోసి."

"కాలీ గిన్నె ఎలగిస్తారే?"

"ఇచ్చినప్పుడు నోటితో ఏటన్నావు?"

"నాకింక పన్లేదన్నాను."

తోటికోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అత్త పోయేముందర మనిద్దరికీ గళాసులు ఎలగిచ్చినాది? నీకు గురుతు లేదేటి?"

అప్పుడు గుర్తొచ్చింది. మంచం మీద పడుకునే రెండు ఇత్తడి గ్లాసుల్లో తన చేత్తో గుప్పెడు గుప్పెడు బియ్యం పోసి, చెరొకటీ ఇచ్చి, నాకింక పన్లేదమ్మా అంది. పన్నెండో రోజుకి పోయింది. మా ఊళ్ళో వెళ్ళిపోయే ముసలివాళ్ళు ఇచ్చే పద్ధతే అది. ఖాళీ గిన్నె ఇవ్వకూడదన్న సగం మాట నాకు గుర్తుంది. గుప్పెడు బియ్యమూ ఆ మాటా ఎప్పుడు కలుస్తాయో మరిచిపోయాను. అలా ఊళ్ళో ప్రతి ఇంటికీ నా చేత్తోనే చావు కబురు ఇచ్చి వచ్చాను.

"నువ్వెల్లి సెప్పీవే, మా అప్ప పోవటం లేదని."

"సెప్పినాను. పోయేవోలందరూ అలగే అంతారన్నారు."

అంతటితో ఆగితే నవ్వుకునేదాన్ని. ఆ వారంలోనే కబుర్లు రావడం మొదలయ్యాయి.

మొదట వచ్చింది మరిది వరస రైతు. వాకిట్లో మొక్కజొన్న పొత్తులు పెట్టి, తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. "వొదినా, నాయిన అక్కడ అగుపిస్తే సెప్పు. తూరుపు సెక్కలో బోరు పడ్డాది. పడదని నాతో పందెం కట్టినాడు."

"నువ్వే ఎల్లి సెప్పుకోరా."

అతనికి కోపం వచ్చింది. "అదేటి వొదినా, పొద్దున్నే అలగటి మాట!"

మరునాడు మూడో ఇంటి కోడలు వచ్చింది. వాళ్ళ అత్త పోయి చాలా ఏళ్ళయింది. "పెద్దమ్మా, మాయత్తకి ఒక్క మాట సెప్పు. ఆ ఆవకాయ జాడీ పిల్లి పడీసినాది. నేను కాదు." నవ్వుతూనే అంది. కానీ నేను సరే అనేదాకా గుమ్మం దిగలేదు.

వద్దని చెప్పి చూశాను. కాదంటే వాళ్ళ మొహాలు వాడిపోయేవి. ఉన్నవాళ్ళతో వాదించవచ్చు గానీ కబురు పంపేవాళ్ళతో వాదించలేం. పుష్యం వచ్చేసరికి పదకొండు కబుర్లు నా దగ్గర ఉన్నాయి. ఎక్కడా రాయలేదు, అన్నీ నోటికి వచ్చు. మధ్యాహ్నం పూట వెనకగది తలుపు దగ్గర కూర్చుని ఒకసారి వల్లె వేసుకుంటే, కబురు చెప్పినవాళ్ళు కాక, కబురు ఎవరికో వాళ్ళ మొహాలు కళ్ళ ముందుకి వచ్చేవి. పందెం కట్టిన పెద్దాయన చుట్ట పట్టుకుని. జాడీ అత్త చేతులు నడుం మీద పెట్టుకుని. సామాను తీసేసిన ఆ గదిలో ఇప్పుడు జాగా బాగానే ఉంది. అక్కడికి వెళ్ళాలంటే నాకే కొంచెం తప్పుకుని నడవాలనిపించేది.

మా ఊరికి వారానికొకసారి చేపలమ్ముకోవడానికి వచ్చే ఆవిడ ఉంది. ఆమెది సముద్రం ఒడ్డు ఊరు. తెల్లవారగట్ల ఆటోలో నరసన్నపేట వచ్చి, అక్కణ్ణుంచి గంపతో ఊళ్ళు తిరుగుతుంది. నాకు ఇరవై ఏళ్ళ పరిచయం. రెండేళ్ళ కిందట ఆమె మొగుడు వేటకి వెళ్ళిన తెప్ప తిరగబడింది. తోటివాళ్ళు ఇద్దరు ఈదుకుని వచ్చారు. అతను రాలేదు. శవమూ రాలేదు. మరుదులు కర్మ చేసేద్దామని రెండేళ్ళుగా పోరుతున్నారు. ఆమె ఒప్పుకోవడం లేదు. గాజులూ బొట్టూ అలాగే ఉన్నాయి. అతని లుంగీలు, వలలు, నులక మంచం, చెప్పులు, దువ్వెన, ఆఖరికి చుట్టల కట్ట కూడా వాళ్ళ చిన్న కాలనీ ఇంట్లో ఎక్కడివక్కడే ఉన్నాయట. పిల్లలు పడుకోవడానికి జాగా లేక అరుగు మీద పడుకునేవారు.

ఆ రోజు ఆమె గంప దించి, చేపలు చూపించకుండా, కొంగులోంచి తువ్వాల్లో చుట్టిన మూట తీసింది.

"నువ్వెల్తన్నావన్నది నిజవేనేటమ్మా?"

"అందరం ఎల్లేవోలమే. నాకు తారీకు తెలీదు."

"తారీకు నాకెందుకు. ముందెల్లేది నువ్వే కదా." తువ్వాలు విప్పింది. లోపల క్లిప్పుల మూత ఉన్న స్టీలు గిన్నె. "ఇది ఆడి సద్దన్నం. ఆ యేళ నేను నీళ్ళకెల్లి వొచ్చీసరికి తెప్ప తోసీసినారు. గిన్నె గుమ్మంలోనే ఉండిపోనాది. కాలీ కడుపుతో ఎల్లినాడమ్మా. ఆకలితో ఉన్నోడికి కర్మ ఎలగ సేస్తాను? ఇది ఆడికి అందితే మిగతాదేదైనా సేస్తాను."

"తెరిసి సూసినావా?"

"లేదు. తెరిస్తే ఏటవుతాది, పాడైపోనాదని తెలుస్తాది. తెరవకపోతే ఇంకా ఆడి కూడే."

గిన్నె నా ఒళ్ళో పెట్టింది. మూడు వందల డెబ్భై నాలుగు వస్తువులు వదిలించుకున్నదాన్ని, ఒక్క గిన్నె పట్టుకోవడానికి చేతులు రాలేదు. తీసుకుంటే నేను పోతున్నానని ఒప్పుకున్నట్టు. అంతకంటే ముఖ్యం, అతను పోయాడని నా నోటితో చెప్పినట్టు. తీసుకోకపోతే ఆమె ఆ మూటతో మళ్ళీ ఆటో ఎక్కాలి.

"ఆడు అక్కడున్నాడో లేడో నాకు తెలీదే. ఉన్నాడని నేను సెప్పను. గిన్నె మాత్రం ఉంచుతాను."

"అది సాలు," అంది. తరవాత మామూలుగా గంప మీది తాటాకు తీసి చేపలు చూపించింది.

గిన్నెను వెనకగదిలో ఖాళీ గూట్లో పెట్టాను. ముప్పై తొమ్మిది.

ఎవరైనా అప్పగించిన సరుకుని కొలిచి తీసుకోవడం నా పద్ధతి. మరునాడు పప్పు కోసం కొట్టుకి వెళ్ళినప్పుడు గిన్నె పట్టుకెళ్ళి కాటా మీద పెట్టమన్నాను. కొట్టతను తువ్వాలు చూసి నవ్వాడు. "ఏటి పెద్దమ్మా, అక్కడికెల్లడానికి కూడా లగేజీ తూకమేటి?" ఏడు వందల ఇరవై గ్రాములు ఉంది. అలాంటి గిన్నెలే అతని కొట్టులో వేలాడుతున్నాయి. ఒకటి దింపించి తూచాను. ఖాళీది నాలుగు వందలు. అంటే లోపల మూడు వందల ఇరవై. రెండేళ్ళనాటి అన్నానికి అది ఎక్కువే అనుకున్నాను.

మాఘంలో గూడు తుడవడానికి గిన్నె ఎత్తాను. చెయ్యి చెప్పింది. జీవితమంతా కుంచం ఎత్తిన చెయ్యి, గుప్పెడు తేడా ఉన్నా పసిగడుతుంది. కొట్టుకి తీసుకెళ్ళాను. ఆరు వందల యాభై.

"నీ కాటా సరిగ్గా ఉన్నాదా?"

కొట్టతను కిలో రాయి పెట్టి చూపించాడు. సరిగ్గా కిలో. ఈసారి అతను నవ్వలేదు.

ఇంటికి వచ్చి గిన్నె నాలుగు పక్కలా చూశాను. క్లిప్పులు తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉన్నాయి. మూత చుట్టూ గోరు దూరేంత సందు లేదు. అడుగున తెల్లగుడ్డ పరిచాను, తడి అంటలేదు. చుట్టూ పసుపు చల్లాను, దాటి చీమ రాలేదు. ఫాల్గుణంలో ఐదు వందల నలభై. చైత్రంలో నాలుగు వందల ముప్పై. ఆ తరవాత తగ్గడం ఆగిపోయింది. వైశాఖంలోనూ అంతే, నాలుగు వందల ముప్పై.

తగ్గడం కంటే ఆగడం నన్ను ఎక్కువ వేధించింది. ఖాళీ అయితే నాలుగు వందల దగ్గర ఆగాలి. మిగిలిన ముప్పై గ్రాములు ఏమిటి? ఆ రోజుల్లో వెనకగదిలోకి వెళ్ళినప్పుడు నేను దగ్గు ఆపుకునేదాన్ని. అన్నం తినేవాళ్ళ దగ్గర దగ్గకూడదని చిన్నప్పుడు చెప్పేవారు, అదొక్కటే కారణం అనుకుంటాను.

చేపలావిడ వారం వారం వస్తూనే ఉంది. గిన్నె సంగతి ఎత్తేది కాదు. వెళ్ళేముందు ఒకసారి వెనకగది వైపు చూసేది, అంతే. నేనూ చెప్పలేదు. నాకు తెలిసింది తూకం మాత్రమే, తూకానికి అర్థం నాకు తెలీదు. తెలియనిది చెప్పి ఒక మనిషి గాజులు తీయించకూడదు. కానీ అడిగితే దాచకూడదు కూడా. వైశాఖం ఆఖరి వారంలో అడిగింది.

"ఏటమ్మా, కబురేటైనా ఉన్నాదా?"

ఐదు తూకాలూ వరసగా చెప్పాను, ఖాళీ గిన్నె తూకంతో సహా. "ఎండలకి నీరు ఆరిపోనాదనుకో," అన్నాను.

"నా కాడ రెండు ఎండాకాలాలు ఉన్నాది. దినమూ ఎత్తి తుడిసీదాన్ని. గింజంత తగ్గలేదమ్మా."

నేను గిన్నె తెచ్చి ఇచ్చాను. చేతిలో పడగానే ఆమె కింద కూర్చుండిపోయింది. చాలాసేపు పైకీ కిందకీ ఆడించి చూసింది. తరవాత కొబ్బరినూనె అడిగింది. క్లిప్పులకి నూనె రాసి, చేపలు కోసే కత్తి మొనతో ఒక్కొక్కటీ లేపింది. మూత తీయడానికి మాత్రం నా మొహం చూసింది. తీయమన్నాను.

లోపల మెతుకు లేదు. నల్లమచ్చ లేదు, బూజు లేదు, పాచి వాసన లేదు. తోమినట్టు తెల్లగా ఉంది. అడుగున రెండు చెంచాల నీళ్ళు ఉన్నాయి, తేటగా.

మా ఇద్దరి నీడలూ ఆ నీళ్ళలో కదిలాయి. వాకిట్లో ఎండ పేలిపోతోంది. పక్క వాటాలో మా తోటికోడలి మిక్సీ తిరిగి ఆగింది.

"ఆడు తిన్న గిన్నెలోనే సెయ్యి కడుగుతాడమ్మా," అంది చేపలావిడ. "ఎన్ని మార్లు తిట్టినానో. దరిద్రం రా, బయటికెల్లి కడుక్కోరా అని. ఇనీవోడు కాదు."

ముప్పై గ్రాములు. లెక్క సరిపోయింది. సరిపోయినందుకే నాకు భయం వేసింది. చెమ్మ అనవచ్చు, మూత లోపల పట్టిన ఆవిరి అనవచ్చు. ఎవరైనా అడిగితే నేను అలాగే చెబుతాను. ఆమె మాత్రం నన్ను అడగలేదు. గిన్నె వంచి ఆ నీళ్ళు కరివేపాకు మొదట్లో పోసి, చెంబెడు నీళ్ళతో తొలిచి, బోర్లించింది. ఏడవలేదు. "తిన్నాడు," అంది. "ఇంక మా మరుదులకి సెప్తాను."

నేను వంటింట్లోకి వెళ్ళి గుప్పెడు బియ్యం తెచ్చి, గిన్నె తిప్పి అందులో పోశాను. ఖాళీది తిరిగి ఇవ్వకూడదు కదా. ఆమె బియ్యం వైపు చూసి, "నాకింక పన్లేదని మాత్రం అనకమ్మా," అంది.

"అనను," అన్నాను. మూత పెట్టి ఇచ్చాను. మళ్ళీ ముప్పై ఎనిమిది.

తరవాత మూడు వారాలు ఆమె రాలేదు. నాలుగో వారం వచ్చింది. చేతులు బోసిగా ఉన్నాయి, గంప మాత్రం ఎప్పటిలా నెత్తి మీదే ఉంది. కర్మ అయిపోయిందని చెప్పింది. వలలు అతనితో వేటకి వెళ్ళి బతికి వచ్చిన ఇద్దరికీ ఇచ్చిందట. మంచం పిల్లలకి వేసిందట. లుంగీలూ చెప్పులూ అడిగినవాళ్ళకి ఇచ్చేసిందట. ఆ స్టీలు గిన్నెలో పెద్దపిల్ల బడికి అన్నం తీసుకెళ్తోందట.

"ఇల్లు ఊడిసీసి నిలబడితే జాగాయే జాగా. కానీ అమ్మా, గొంతు మోగతన్నాది. నేను పిల్లని కేకేస్తే గోడలోంచి ఎవులో కేకేసినట్టుంతాది. నీ ఇంట్లోలాగ. ఆ మోత పోతాదేటి?"

నాకు తెలిసిందే చెప్పాను. "పోదే. అలవాటవుతాది."

"ఎన్నాళ్ళకి?"

దానికి నా దగ్గర లెక్క లేదు. ఆమె గంప మీది తాటాకు తీసింది. ఆ రోజు నెత్తళ్ళు తెచ్చింది. చేపలకని ఉంచుకున్న ఒక్క గిన్నె కడిగి పట్టాను.